తక్కువ ఖర్చుతో బాంబర్ సిబ్బంది సినిమా: కెమెరాను విమానం లోపలే ఉంచండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జత చేసిన 40 సెకన్ల వీడియో పదిసార్లకు పైగా చూశాను. ఇతరులకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను. నల్గొండలో మీరు నలుగురు మిత్రులు కలిసి రెండో ప్రపంచ యుద్ధం మీద 20 నిమిషాల చిత్రం తీయాలనుకుంటున్నారు. రాత్రివేళ జర్మనీ మీదికి వెళ్ళే లాంకాస్టర్ అనే బ్రిటిష్ బాంబర్‌లోని ఏడుగురి కథ అది. చేతిలో మూడున్నర లక్షలు ఉన్నాయి. కంప్యూటర్‌లో చేసిన విమానాల వీడియోను ఊళ్ళో చూపిస్తే జనం నవ్వారు. గ్రాఫిక్స్ మీద ఇంకో లక్ష పెడితే బాగుపడుతుందా, వాస్తవికత ఎంతవరకు అవసరం, లోపలి సెట్ ఎలా కట్టాలి అని అడిగారు.

నేను జడ్చర్లవాణ్ణి. పాలమూరులో వినాయక మండపాలకు సెట్టింగులు వేస్తూ పని నేర్చుకున్నాను. 22 ఏళ్ళుగా హైదరాబాద్‌లో సినిమాల కళా విభాగంలో సెట్లు, మినియేచర్లు (చిన్న నమూనాలు) చేస్తున్నాను. బాంబర్ విమానాల గురించి చదవడం చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం. కాబట్టి ఈ రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ఆ లక్ష పెట్టకండి. మీ గ్రాఫిక్స్‌లో విమానం నమూనా చెడ్డదేమీ కాదు. రెక్కల ఆకారం, జంట తోకలు, తుపాకీ గదులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చూసినవాళ్ళు నవ్వింది విమానాన్ని చూసి కాదని నా అభిప్రాయం. మీ కెమెరా విమానం ముక్కు ముందు నుంచి మొదలై, రెక్క కింద దూరి, తోక చుట్టూ తిరిగి మళ్ళీ పైకి వచ్చింది. అలా ఎగరగల కెమెరామన్ ఎక్కడా లేడు. అది అబద్ధమని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు, కంటికే తెలుస్తుంది. రెండో సంగతి బరువు. నిండా బాంబులతో, పెట్రోలుతో లేచిన లాంకాస్టర్ దాదాపు 30 టన్నులు ఉంటుంది. మీ వీడియోలో అది తూనీగలా తిరిగింది. క్లాక్ టవర్ చౌరస్తాలో వడ్ల బస్తాల లారీ మలుపు తిరగడం ఒకసారి గమనించండి. డ్రైవరు స్టీరింగ్ తిప్పిన క్షణానికి, లారీ ఒళ్ళు కదిలే క్షణానికి మధ్య కొంత ఆలస్యం ఉంటుంది. మనకు బరువు తెలిసేది ఆ ఆలస్యంలోనే. విమానం కూడా ముందు రెక్క వంచుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా ముక్కు తిరుగుతుంది.

మూడోది చరిత్రకు సంబంధించిన తప్పు, అన్నిటికంటే పెద్దది. వెన్నెల రాత్రి 12 లాంకాస్టర్లు రెక్కకు రెక్క ఆనించినట్టు వరుస కట్టి వెళ్తున్నట్టు చూపించారు. పగటిపూట దండుగా, వరుసలు కట్టి వెళ్ళినవి అమెరికా వైమానిక దళపు బి-17, బి-24 బాంబర్లు. బ్రిటిష్ వైమానిక దళంలోని బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్ ఎక్కువగా రాత్రివేళ, ఏ విమానానికి ఆ విమానం చీకట్లో విడివిడిగా ప్రయాణించేది. వందల విమానాలు ఒకే దారిలో ఉన్నా పక్కనున్నది కంటికి కనిపించేది అరుదు. లాంకాస్టర్లు పగలు వరుస కట్టి వెళ్ళిన సందర్భాలు లేకపోలేదు. 1942 ఏప్రిల్ 17న జర్మనీలోని ఔగ్స్‌బర్గ్ నగరం మీదికి అలాగే 12 వెళ్ళాయి, 7 తిరిగి రాలేదు. రాత్రి దాడుల కథలో మాత్రం ఆ దృశ్యానికి చోటు లేదు.

ఈ తప్పు దిద్దుకుంటే మీ ఖర్చు కూడా తగ్గుతుంది. రాత్రి కాబట్టి బయట ఏమీ కనిపించదు. కనిపించేవల్లా సెర్చ్‌లైట్ల కాంతి, దూరంగా ఫిరంగి గుండ్ల మెరుపు, ఎక్కడో కాలిపోతూ పడిపోతున్న ఇంకో విమానపు మంట, కింద నగరం మీద ఎర్రటి వెలుగు. ఇవన్నీ మనుషుల ముఖాల మీద పడే వెలుతురుగా చూపించవచ్చు. అందుకే నేను మీకు ఒకే ఒక నియమం పెడతాను: ఆ ఏడుగురిలో ఎవరో ఒకరు చూడగలిగినదే మీ కెమెరా చూడాలి. 20 నిమిషాల్లో విమానాన్ని బయటి నుంచి రెండుసార్లకు మించి చూపవద్దు. బయలుదేరే ముందు నేల మీద ఒకసారి చూపండి. ఇంకొకటి కావాలంటే మేఘం మీద దాని నీడగా చూపండి.

ఇక లోపలి సెట్. లాంకాస్టర్ పొడవు 69 అడుగులు, రెక్కల విస్తారం 102 అడుగులు. కానీ లోపల మనిషి మసలే చోటు చాలా ఇరుకు. రెక్కలను మోసే పెద్ద దూలం నడవకు అడ్డంగా వెళ్తుంది. ముందుకూ వెనక్కూ వెళ్ళాలంటే బరువైన దుస్తులతో దాని మీదుగా ఎక్కి దిగాలి. ఈ దూలాన్ని తప్పకుండా కట్టండి. గాయపడిన మనిషిని దాని మీదుగా లాగే దృశ్యం ఒక్కటి ఉంటే, ఏ సంభాషణా లేకుండానే విమానం ఇరుకు ప్రేక్షకుడి ఒంటికి తెలుస్తుంది.

మొత్తం విమానం కట్టనక్కరలేదు. పైలట్, అతని కుడి పక్కన ఫ్లైట్ ఇంజినీర్ ఉండే ముందు గది ఒకటి. నావిగేటర్ బల్ల, దాని వెనుక వైర్‌లెస్ ఆపరేటర్ మూల ఇంకొకటి. తోకలోని గన్నర్ గది మూడోది. నడుము మీది గన్నర్‌కు, ముక్కులో బోర్లా పడుకునే బాంబ్ ఎయిమర్‌కు ఇవే ముక్కలను మార్చి వాడుకోవచ్చు. ఏడుగురిలో చాలామంది ఒకరినొకరు చూసుకోలేని చోట్లలో ఉంటారు కాబట్టి, వేరు వేరు రోజుల్లో వేరు వేరు ముక్కలు తీసినా కథకు లోటు రాదు. తోక గన్నర్ అయితే ప్రయాణమంతా ఒంటరిగా వెనక్కి తిరిగి కూర్చుంటాడు. తాను ఎక్కడికి వెళ్తున్నాడో చూడడు, ఎక్కడి నుంచి వచ్చాడో మాత్రమే చూస్తాడు.

కట్టుబడికి మిర్యాలగూడలో లారీ బాడీలు కట్టే షెడ్డుకు వెళ్ళండి. అక్కడివాళ్ళకు రేకు వంచడం, రివిట్లు కొట్టడం మన సినిమా వడ్రంగుల కంటే బాగా తెలుసు. 12 మి.మీ. ప్లైవుడ్‌తో పక్కటెముకల్లా వంపు చట్రాలు కోయించి, రెండడుగులకు ఒకటి చొప్పున నిలబెట్టి, మీద పలుచటి అల్యూమినియం రేకు కొట్టించండి. కొత్త రేకు మెరుస్తుంది, దాన్ని అలాగే వదలకండి. చేతులు తగిలే చోట, కాళ్ళు రాసుకునే చోట రంగు పోయి లోహం కనిపించాలి, మూలల్లో మసి, నూనె మరకలు ఉండాలి. పాత ఇనుప సామాను దుకాణంలో పాడైన మీటర్లు, గొట్టాలు, లివర్లు కిలోల లెక్కన దొరుకుతాయి. విమానపు గడియారాల ముఖాలను కాగితం మీద ముద్రించి, వెనుక చిన్న దీపం పెడితే చీకట్లో చాలు.

ఆ సెట్‌ను నేల మీద పెట్టవద్దు. గాలి సగం నింపిన లారీ ట్యూబులు ఆరో ఎనిమిదో పరిచి, వాటి మీద చెక్క వేదిక, దాని మీద సెట్ పెట్టండి. ఇద్దరు మనుషులు పొడవాటి కర్రలతో నొక్కి వదులుతుంటే మొత్తం ఊగుతుంది. కెమెరాను ఊపితే నటులు, గోడలు కలిసి ఒకే కాగితం మీది బొమ్మలా కదులుతాయి. సెట్ ఊగితే మెడ ఒక వైపు, భుజం ఒక వైపు, వేలాడే తీగ ఇంకో వైపు కదులుతాయి. కంటికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ వీడియోలో శబ్దం గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఒక సంగీతపు ముక్క, మధ్యలో పేలుళ్ళు మాత్రమే ఉన్నాయి. బాంబర్ లోపల నాలుగు మెర్లిన్ ఇంజిన్ల హోరు తప్ప దాదాపు ఇంకేమీ వినిపించదు. పక్కవాడు అరిచినా వినపడదు. ఫిరంగి గుండు దూరంలో పేలితే మెరుపు, ఆ తర్వాత నల్లటి పొగ ముద్ద కనిపిస్తాయి, చప్పుడు ఇంజిన్ల హోరులో మునిగిపోతుంది. మరీ దగ్గర పేలితేనే వినిపిస్తుంది. దాని ముక్కలు విమానం ఒంటికి తగిలినప్పుడు రేకుల ఇంటి మీద గుప్పెడు గులకరాళ్ళు విసిరినట్టుంటుంది. నిశ్శబ్దంగా విచ్చుకునే నల్లటి పొగ ముద్ద, వెనుక ఆగని హోరు, ఉన్నట్టుండి గులకరాళ్ళ చప్పుడు. ఈ మూడింటిని ఇదే వరుసలో పెట్టి చూడండి. మీ వీడియోలోని పేలుళ్ళన్నీ కలిసినా ఇంత భయం పుట్టించవు.

హోరును ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారు. నల్గొండ జిల్లాలో బోరు లారీ పనిచేయని వారం ఉండదు. దాని కంప్రెషర్ పూర్తి వేగంతో నడుస్తున్నప్పుడు మూడు చోట్ల రికార్డు చేయండి: దగ్గర నిలబడి, 100 అడుగుల దూరం నుంచి, ఖాళీ ఇనుప నీళ్ళ ట్యాంకులో మైకు వేలాడదీసి. ట్యాంకులోని రికార్డింగే మీకు విమానపు లోపలిది. దాని మీద రైస్ మిల్లులో జల్లెడ అదురుడు కొంచెం, కిటికీ సందులో గాలి ఈల కొంచెం కలపండి. ఆ తర్వాత మొత్తం శబ్దానికి ఒక నకలు తీసి, శ్రుతిని ఒకటి రెండు శాతం మార్చి, అసలు దాని మీదే కలపండి. సెకనుకు 100 కంపనాలున్న శబ్దం, 102 కంపనాలున్న శబ్దం కలిస్తే సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. ఒకే వేగానికి సరిగ్గా కుదరని ఇంజిన్లు చేసే అలల మోత అదే. ఒక ఇంజిన్ దెబ్బతిన్నప్పుడు ఆ అల మారాలి. ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా ఏదో తేడా వచ్చిందని ఒళ్ళు చెబుతుంది.

మాటలన్నీ ఇంటర్‌కామ్‌లోనే. మాస్క్‌లో ఉన్న మైకు నుంచి హెల్మెట్‌లోని చెవి ముక్కకు వెళ్ళే గొంతు అది. కాబట్టి దానిలోని బరువైన స్వరాలు, సన్నని స్వరాలు రెండూ కత్తిరించండి. సుమారు 300 నుంచి 3,000 కంపనాల మధ్య ఉన్నది మాత్రమే ఉంచి, కొంచెం బరకతనం చేర్చండి. ఊపిరి చప్పుడు తీసేయకండి. అనవసరమైన మాటలు ఇంటర్‌కామ్‌లో మాట్లాడేవారు కాదు. మీ స్క్రిప్టులో లక్ష్యం మీద ఉన్నప్పుడు ఇద్దరు గన్నర్లు తమ ఊళ్ళ గురించి, ప్రేయసుల గురించి ముచ్చటించుకుంటారు. దాన్ని నేల మీదికి, విమానం ఎక్కే ముందు గడ్డిలో పడుకున్న దృశ్యంలోకి మార్చండి. పైలట్ అప్పుడప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి క్షేమం కనుక్కునేవాడు. మొదటిసారి అందరూ జవాబు చెబుతారు. రెండోసారి తోక గన్నర్ నుంచి జవాబు రాదు. మళ్ళీ పిలుస్తాడు. హోరు మాత్రమే వినిపిస్తుంది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

బాంబులు వదిలే ఘట్టంలో చాలా సినిమాలు తప్పు చేస్తాయి, మీ స్టోరీబోర్డు బొమ్మల్లో కూడా అదే తప్పు ఉంది. బాంబు విమానం వదిలిన వెంటనే వెనక్కి పడిపోదు. విమానపు వేగం దానికీ ఉంటుంది. కాబట్టి పైనుంచి చూసేవారికి అది కొంతసేపు విమానం కిందనే కలిసి ప్రయాణిస్తూ, చిన్నదవుతూ, మెల్లగా వెనకబడుతుంది. 20,000 అడుగుల నుంచి నేలను చేరడానికి అర నిమిషానికి పైగా పడుతుంది. మీరు మూడు సెకన్లకే పేలుడు చూపించారు. టన్నుల బరువు ఒక్కసారిగా పోగానే విమానం పైకి ఎగిసిపడుతుంది. అందరి కడుపులూ ఒక్కసారి కిందికి జారినట్టవుతాయి, సెట్‌ను ఒక్క ఊపున పైకి లేపండి. దాని తర్వాత బాంబులు ఎక్కడ పడ్డాయో ఫొటో తీయడానికి ఇంకా అర నిమిషం వంకర లేకుండా ఎగరాలి. సెర్చ్‌లైట్లు, ఫిరంగులు వెతుకుతుంటే తిన్నగా, కదలకుండా ఎగిరే ఆ అర నిమిషాన్ని కోతలు లేకుండా పూర్తిగా చూపండి. మీ చిత్రం గుండెకాయ అదే కావాలి.

ఆ అర నిమిషంలోనే ఇంకొకటి కూడా ఉండాలి. పైనున్నవారికి కింద కనిపించేది నిప్పు చుక్కలు మాత్రమే. అక్కడ ఇళ్ళున్నాయి, పిల్లలున్నారు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. తెలుగువాళ్ళు ఆ నిప్పుల కింద నిలబడినవాళ్ళే. మరోవైపు బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు. ఒక విడతలో 30 దాడులు చేయాలి, అవి పూర్తి చేసి ప్రాణాలతో బయటపడ్డవారు తక్కువ. పైవారి భయం, కిందివారి చావు రెండూ నిజమే. బాంబ్ ఎయిమర్ ముఖం మీద ఎర్రటి వెలుతురు పడుతున్నప్పుడు అతను ఏమీ మాట్లాడకుండా చూస్తూ ఉండనివ్వండి. విజయ సంగీతం పెట్టకండి.

చలి గురించి. ఆ ఎత్తులో బయట సున్నాకు 30, 40 డిగ్రీల దిగువన ఉండేది. తోక గన్నర్లలో చాలామంది చూపు అడ్డం రాకుండా ముందున్న పారదర్శక పలకను కోసి తీసేసేవారు కాబట్టి ఆ గాలి నేరుగా ముఖానికి తగిలేది. మాస్క్‌లో ఊపిరి తడి గడ్డకట్టేది. గాజు మీద మంచు పూలు కావాలంటే మందుల దుకాణంలో దొరికే ఎప్సమ్ ఉప్పును వేడి నీళ్ళలో చిక్కగా కరిగించి, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి కుంచెతో పూయండి. ఆరగానే స్ఫటికాలు కట్టి అచ్చం మంచులా కనిపిస్తుంది. నటుల విషయం అంత తేలిక కాదు. మీరు మే నెలలో చిత్రీకరణ పెట్టుకున్నారు. ఉన్ని తోలు కోట్లు తొడిగి, రేకు డబ్బాలో దీపాల వేడిలో కుర్రవాళ్ళను కూర్చోబెడితే వడదెబ్బ తగులుతుంది. ఇది సినిమా కంటే ముఖ్యమైన సంగతి. డిసెంబరు రాత్రులకు మార్చండి, లేదా కథే మార్చండి. కథ మార్చడం గురించి చివర్లో చెబుతాను.

మినియేచర్ చేయాలన్న కోరిక మీ ప్రశ్నలో కనిపించింది. నాకు ప్రాణమైన పని అది, అయినా ఒక్క షాట్‌కే పరిమితం చేసుకోండి. 1:25 నిష్పత్తిలో చేస్తే లాంకాస్టర్ రెక్కలు నాలుగడుగులు వస్తాయి. చిన్న వస్తువు పెద్దదానిలా పడాలంటే, ఊగాలంటే నిష్పత్తి వర్గమూలమంత రెట్లు ఎక్కువ వేగంతో చిత్రీకరించాలి. 25కు వర్గమూలం 5 కాబట్టి 24 బదులు సెకనుకు 120 ఫ్రేములు కావాలి. ఇప్పటి ఫోన్లలో అది ఉంది. ప్రొపెల్లర్లను నిజంగా తిప్పవద్దు. ఫోను కెమెరా చిత్రాన్ని వరుస వరుసగా చదువుతుంది కాబట్టి తిరిగే రెక్కలు అరటి ఆకుల్లా వంగి కనిపిస్తాయి. పలుచటి పారదర్శక యాక్రిలిక్ బిళ్ళలకు లేత బూడిద రంగు గీతలు పూసి పెట్టండి.

మేఘాలకు మన జిల్లా పత్తి ఉంది. జిన్నింగ్ మిల్లులో గింజ తీసిన దూది తెచ్చి, నల్ల గుడ్డ మీద పొరలుగా పరిచి, వెనుక నుంచి ఒకే దీపం పెట్టి, విమానాన్ని కదపకుండా కెమెరాను మెల్లగా జరపండి. వేడెక్కని ఎల్‌ఈడీ దీపాలే వాడాలి, దూది పక్కన అగ్గిపుల్ల కూడా ఉండకూడదు. ఫిరంగి పొగ ముద్దలకు చేపల తొట్టిలో నిలకడైన నీళ్ళు పోసి, వెనుక తెల్ల కాగితం పెట్టి, పిచికారీ సూదితో నల్ల సిరా చుక్క వదలండి. అది విచ్చుకునే తీరు గాలిలో పొగ విచ్చుకున్నట్టే ఉంటుంది. తర్వాత దాన్ని చీకటి దృశ్యం మీద కలుపుకోవచ్చు.

మంటలు మాత్రం చిన్న నమూనా మీద పెట్టకండి. మంటను ఎంత నెమ్మదింపజేసినా దాని నాలుకల పరిమాణం మారదు. చాలా ఏళ్ళ క్రితం ఒక చిత్రానికి ఓడ నమూనాను నేనే దగ్గరుండి తగలబెట్టించాను. మూడు నెలల పని ఐదు నిమిషాల్లో కాలిపోయింది. తెర మీద చూస్తే అది స్టవ్ మీద పెట్టిన గిన్నెలా ఉంది. నిర్మాత ఆ షాట్ తీసేశారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది కాబట్టి చెబుతున్నాను. మంటను నటుడి కళ్ళద్దాల్లో, రేకు మీద కదిలే నారింజ వెలుతురులో చూపండి. సెట్‌లో దీపావళి మందు వాడే ఆలోచన మానుకోండి. ఇరుకు రేకు డబ్బాలో మనుషులుండగా అది ప్రాణాంతకం.

అసలైన యుద్ధ దృశ్యాలు కొన్ని కలపవచ్చా అని కూడా అడిగారు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసిన చిత్రాలకు ఆ దేశంలో కాపీరైటు లేదు. 1943లో దర్శకుడు విలియం వైలర్ బృందం 16 మి.మీ. కెమెరాలతో బి-17లలో ఎక్కి నిజమైన దాడులను చిత్రించింది. ఆ బృందంలో ఒకరు అదే పనిలో ప్రాణం పోగొట్టుకున్నారు. వాటిని చూడండి, పదేపదే చూడండి. శత్రు విమానం ఫ్రేములోకి వచ్చేసరికి కెమెరా ఆలస్యమవుతుంది, ఫోకస్ తప్పుతుంది, సగం షాట్‌లో కిటికీ చట్రమే ఉంటుంది. ఆ తడబాటు నేర్చుకోండి. కానీ పగటి బి-17ల దృశ్యాలను రాత్రి లాంకాస్టర్ కథలో అతికించకండి.

ఇక కథ మార్చడం. నల్గొండ కుర్రవాళ్ళు ఏడుగురు ఇంగ్లిష్, కెనడా, ఆస్ట్రేలియా యువకులుగా తెలుగులో మాట్లాడుతుంటే, సెట్ ఎంత బాగున్నా ప్రేక్షకుడు మొదటి నిమిషంలోనే ఒక అబద్ధాన్ని మింగాల్సి వస్తుంది. మీరు తీయగలిగిన ఇంకో కథ ఉంది. మీ ప్రశ్నలో 110వ హైదరాబాద్ స్క్వాడ్రన్ (విమాన దళం) గురించి ఒక వాక్యం రాశారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ డి.హెచ్.9ఏ విమానాలకు డబ్బిచ్చినందుకు బ్రిటిష్ దళంలోని ఆ స్క్వాడ్రన్‌కు ఆ పేరు వచ్చింది. 1939 సెప్టెంబరు 4న, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, విల్‌హెల్మ్స్‌హావెన్ వద్ద జర్మన్ ఓడల మీద దాడి చేసిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో దానివి ఉన్నాయి. తర్వాత అదే స్క్వాడ్రన్ మన దేశానికి వచ్చి, వెంజన్స్ అనే డైవ్ బాంబర్లతో (నిలువుగా కిందికి దూకుతూ బాంబులు వేసే విమానాలతో) బర్మా సరిహద్దులో పోరాడింది. అదే విమానంతో, అదే యుద్ధరంగంలో భారత వైమానిక దళపు 7వ, 8వ స్క్వాడ్రన్లు కూడా పోరాడాయి. 7వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించిన పి.సి. లాల్ తర్వాత 1971 యుద్ధంలో మన వైమానిక దళాధిపతి.

వెంజన్స్‌లో ఇద్దరే మనుషులు. ముందు పైలట్, వెనుక నావిగేటర్, అవసరమైనప్పుడు అతనే గన్నర్. ఒకే ఇంజిన్. తల మీద పొడవాటి గాజు గది. అల్యూమినియం కిటికీలు చేసే దుకాణంలో వారం రోజుల్లో ఆ చట్రం చేసిస్తారు. ఇద్దరూ భారతీయులే కావచ్చు, మీ భాషలో మాట్లాడవచ్చు. బర్మా సరిహద్దు ఉక్కపోతలో, ఎండలో కాలే గాజు కింద చెమట కారడం ఆ కథకు సహజం. మీ కుర్రవాళ్ళ చెమటను దాచనక్కరలేదు, ఉన్ని కోట్లూ అక్కరలేదు. కింద బర్మాలోని అరకాన్ కొండల అడవి కావాలి, మనకు నల్లమల ఉంది. అక్కడి అడవి ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, మనది వేసవిలో ఆకు రాలుస్తుంది. అందుకని ఆగస్టు, సెప్టెంబరులో మాత్రమే తీయాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయవద్దు. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు కొండలు కూడా పనికొస్తాయి. అక్కడైనా డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ పటంలో ఆ చోటు ఏ రంగు మండలంలో ఉందో చూసుకున్నాకే వెళ్ళండి. పచ్చ మండలంలో 400 అడుగుల వరకు ఎగరవేయవచ్చు.

వెంజన్స్ రెక్కల అమరిక వల్ల అది దాదాపు నిలువుగా దూకేది. ముందున్నవాడికి భూమి మీదికి దూసుకొస్తూ కనిపిస్తుంది. వెనుక తుపాకీ దగ్గర తోక వైపు తిరిగి కూర్చున్నవాడికి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. భూమి ఎంత దగ్గరపడిందో అతనికి తెలియదు, ముందున్నవాడి మీద నమ్మకం ఒక్కటే ఆధారం. మీ ఏడుగురి కథలో చెప్పాలనుకున్నదంతా ఈ ఇద్దరిలో ఉంది. సెట్‌ను నిలువుగా లేపనక్కరలేదు. కెమెరాను వంచి, ఒక బలమైన దీపాన్ని కర్రకు కట్టి గాజు గది మీదుగా గబగబా తిప్పండి. కిటికీ చట్రాల నీడలు ముఖాల మీద పరుగెత్తితే విమానం తిరిగినట్టే. పైకి లేచేటప్పుడు ఒళ్ళు కుర్చీలోకి కుంగిపోతుంది, తల ఎత్తలేరు, చూపు బూడిద రంగుకు మారుతుంది. నటులు మెడ, పొట్ట కండరాలు బిగించి ఊపిరి ఆపే అభ్యాసం చేయాలి. చిత్రంలో రంగును రెండు సెకన్ల పాటు తగ్గించి మళ్ళీ తెండి.

ఏడుగురు నటులు ఉన్నారు, అందరికీ వేషం కావాలంటే ఇంకో దారి ఉంది. 1971 డిసెంబరులో మన 44వ స్క్వాడ్రన్ ఏఎన్-12 రవాణా విమానాలను బాంబర్లుగా మార్చి, రాత్రివేళ పాకిస్తాన్‌లోని ఛాంగా మాంగా అడవిలో దాచిన ఆయుధ నిల్వల మీద దాడి చేసింది. నాయకుడు వింగ్ కమాండర్ వశిష్ట్‌కు మహావీర్ చక్ర వచ్చింది. సరుకులు మోసే విమానం లోపలిభాగం పెద్ద గోదాములా ఉంటుంది, మిర్యాలగూడలో గోదాములకు కొదవలేదు. అయినా నా మనసు వెంజన్స్ వైపే ఉంది, ఎందుకంటే ఆ కథను మన తెరమీద నేను ఇంతవరకు చూడలేదు.

ఏ కథ ఎంచుకున్నా గ్రాఫిక్స్ మనిషికి ఇంకా అడ్వాన్సు ఇవ్వకండి. ముందు బోరు లారీ దగ్గరికి వెళ్ళండి. తెర నల్లగా ఉంచి, ఇంజిన్ హోరు, ఇద్దరి ఊపిరి, మూడే మూడు మాటలతో ఒక నిమిషం శబ్దం తయారు చేసి ఇక్కడ పెట్టండి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఎక్కడ సరిచేయాలో రాస్తాను. అది కుదిరాక గాజు గది కొలతలు పంపిస్తాను. మిర్యాలగూడ షెడ్డుకు వెళ్ళే రోజు ముందే చెబితే నేనూ వచ్చి మొదటి చట్రం నిలబెట్టేదాకా ఉంటాను.